ఎడమ క్రాంకు

పాదువా నుంచి వచ్చిన పళ్ల డాక్టరు
పాత కేటలాగు బల్ల మీద పరిచి
డెబ్బై ఒకటో సంవత్సరం పేజీ మీద వేలు పెట్టాడు.
"ఇందులో ఎలా ఉంటే అలా.
ఒక్క మర కూడా డెబ్బై రెండుది కాకూడదు."
తొక్కుతారా అని అడిగాను.
"తొక్కడమా! హాల్లో గోడకి."

సరేనన్నాను.
స్కియో ఊరి చివర, మూతబడ్డ ఉన్ని మిల్లు వెనక
ఇరవై ఏడేళ్లుగా నా షెడ్డు అద్దె కడుతున్నది
ఇలాంటి పంతాలే.

మొదట కిరసనాయిలు.
యాభై రెండు పళ్ల చక్రాన్ని
పళ్లు తోముకునే బ్రష్షుతో తోముతుంటే
డాక్టరు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
నీలం గీకితే ఎరుపు,
ఎరుపు గీకితే మట్టిరంగు పూత,
దాని కింద ఉక్కు.
గోటితో మీటాను.
గొట్టం ఇంకా శ్రుతిలోనే ఉంది.

గేరు ఒసాకా నుంచి వచ్చింది,
దూదిలో చుట్టి, లోపల చేత్తో రాసిన ఉత్తరం,
నాకు రాని లిపిలో.
బ్రేకు రబ్బర్లు బెర్గమోలో ఒకావిడ కుట్టుపెట్టెలో దొరికాయి,
బొత్తాల మధ్య.
హ్యాండిల్‌కి నూలు పట్టీ కోసం నెలన్నర తిరిగాను:
పాల తెలుపు కాదు, మీగడ తెలుపు కావాలి.

ఇక క్రాంకులు.
ఊడదీసి వెనక్కి తిప్పితే
కుడి దాని మీద నూట డెబ్బై అయిదు,
ఎడమ దాని మీద నూట డెబ్బై.
అయిదు మిల్లీమీటర్లు!
ఎవడో దిక్కుమాలినవాడు
చేతికి దొరికింది బిగించి పంపేశాడనుకున్నాను.
పైకే తిట్టాను.
సరైనది తెప్పించి బిగించి
పొట్టిదాన్ని మేకుకి తగిలించాను.

నవంబరు. పసూబియో కొండ కనపడని పొగమంచు.
ఆ పొద్దున వచ్చాడు ఒనోరియో జాంపియెరి.
ఏ రేసూ గెలవని మనిషి,
గెలిచేవాడికి నీళ్లు మోసిన మనిషి;
చొక్కాలో ఎనిమిది సీసాలు కుక్కుకుని
గుంపు తోక నుంచి తల దాకా
తొమ్మిదేళ్లు అదే పని.
నా సైకిలు నీ దగ్గరుందన్నారు, అన్నాడు.

రంగు వైపు చూడలేదు. మెరుపు వైపూ చూడలేదు.
స్టాండు పక్కన వంగి
పెడలు చేత్తో తిప్పాడు, ఒకసారి,
మళ్లీ ఒకసారి.
"ఇది నాది కాదు."

అప్పుడు చూశాను ఎడమ బూటు.
దాని అడుగు కుడి దానికన్నా అర వేలు మందం.

"అరవై ఆరులో, ట్రెంటో దిగుడులో తొడ విరిగింది.
అతికింది లే, కాస్త తక్కువగా.
ఫ్రేము కట్టిన ముసలాయన
రెండు కాళ్లూ విడివిడిగా కొలిచాడు."

బల్ల మీద కేటలాగు తెరిచే ఉంది.
అందులో అందరి కాళ్లూ సమానం.

నేనేమీ అనలేదు.
మేకు మీది పొట్టిదాన్ని దింపాను.
టైర్ల జిగురు ఇంకా ఆరలేదు,
ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.
డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి
మిల్లు ఆవరణలో మూడు చుట్లు తిరిగాడు.
మూడో చుట్టులో చేతులు కిందికి, నడుము వంచి.
గేటు దగ్గర నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చినప్పుడున్న ఆ ఒరుగు
జీను మీద లేదు.
దిగగానే మళ్లీ వచ్చింది,
బయట వాకిట్లో ఆగి ఉన్నట్టు.
గ్రాప్పా పోస్తే వద్దన్నాడు.
నీళ్లు చాలన్నాడు.

శనివారం డాక్టరు వచ్చి
భూతద్దంతో ఒక్కో మర దగ్గరా ఆగాడు.
ఒక్కచోట మాత్రం కనుబొమలు ముడిపడ్డాయి.
"వెనక టైరు మీద ఈ మట్టి ఏంటి, నీవెస్?"
డెబ్బై ఒకటిదే, అన్నాను.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.
సైకిలుని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్లాడు.
క్రాంకు వెనక్కి తిప్పి చూడలేదు.
మేకుకి వేలాడుతున్న దాని మీద ఏ అంకె ఉందో
అడిగి ఉంటే
చెప్పేదాన్నే.